లస్మవ్వ దాటిన పొలిమేర

మా దుకాణం మెట్లు దిగితే రప్టా. రప్టా అంటే పెద్ద వంతెన అనుకోకండి. నాలాకు అడ్డంగా పోసిన సిమెంటు దారి, అంతే. నాలుగు చినుకులు పడితే నీళ్ళు దాని మీదుగానే పోతాయి. ఇవతల పాతబాయి వస్తీ. అవతల ఉన్నదాన్ని అందరూ అవతలి వాడ అనేవాళ్ళు. చంద్రపూర్ నుంచి బల్లార్‌పూర్ పోయే వైపు, బొగ్గుబావుల మట్టిదిబ్బల వెనక ఇలాంటి వస్తీలు చాలా ఉన్నాయి. కరీంనగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి బాయి పనికి, అంటే బొగ్గుగని పనికి, వచ్చినవాళ్ళు దొరికిన జాగాలో గుడిసె వేసుకున్నారు. ఇవతల జాగా నిండాక అవతల వేసుకున్నారు. అన్న ఇవతల, తమ్ముడు అవతల. తేడా అంతకుమించి ఏమీ లేదు.

లస్మవ్వది అవతలి వాడ. తెల్లారేసరికి కడవ నెత్తిన పెట్టుకుని రప్టా దాటి వచ్చేది. మా బోరింగు నీళ్ళు ఎర్రగా తుప్పు వాసన కొడతాయి. ఇనుప రుచి లేని నీళ్ళు అవతలి వాడ బావిలోనే ఉండేవి, తాగడానికి మేమూ అవే తెచ్చుకునేవాళ్ళం. మా వైపు వేపచెట్టు కింద పోచమ్మ గద్దె ఉంది. వస్తీలో నాలుగు గుడిసెలు కూడా లేనినాడు ఆ రాయిని నిలిపింది లస్మవ్వే. అప్పటినుంచి ఆ గద్దె మీద ఆ బావి నీళ్ళు తప్ప వేరే నీళ్ళు పడలేదు. పెనిమిటి వెంకటి బాయి లోపల పనిచేస్తే ఆమె పైన బొగ్గు బుట్టలు మోసింది. ఆడవాళ్ళను కంపెనీ పనిలోంచి తీసేశాక ఆ నెత్తి ఖాళీగా ఉండలేక కడవకు అలవాటు పడిందని నేను వేళాకోళం చేసేదాన్ని.

"నీకేం శేటమ్మా, దుకాణం గద్దె మీద కూసుంటవు. నెత్తి మీద బరువు లేకుంటే నాకు నడుసుడు రాదు," అనేది.

మాటకారి కాదు. కానీ ఆడిన మాట వెనక్కి తీసుకునే మనిషీ కాదు. వెంకటి ఆమెకు పూర్తిగా ఎదురు. పాట, పరాచికం, కల్లు, నవ్వు. ముప్పై ఏళ్ళు బాయిలో మింగిన దుమ్ము చివరికి ఆ నవ్వును దగ్గు చేసింది. నేను చెప్పే రోజులకు మంచం మీద కూర్చునే నిద్రపోతున్నాడు. పడుకుంటే ఊపిరాడేది కాదు. ఆయన దగ్గు నాలా దాటి మా దుకాణంలోకి వినిపించేది. వినిపించకపోతే లస్మవ్వ చేతిలో పని ఆపి అటు చూసేది.

అది తొంభై ఆరు. అన్నీ మారిపోతున్న రోజులు. కంపెనీ కొత్తవాళ్ళను తీసుకోవడం మానేసింది. లారీలు, యంత్రాలు, మనుషులు అన్నీ ఠేకేదార్లవే, అంటే కాంట్రాక్టర్లవే. ఉప్పర్వాహి వైపు సిమెంటు పని ఉందంటే మా వస్తీ కుర్రాళ్ళు పొద్దున్నే అటు పరుగెత్తేవాళ్ళు. మా దుకాణంలో ఎస్టీడీ ఫోన్ పెట్టింది ఆ ఏడే. ఇన్నాళ్ళు వాడకానికి ట్యాంకర్ నీళ్ళిచ్చిన కంపెనీ, ఇక మీ తిప్పలు మీరు పడండి అంది. సరిగ్గా అప్పుడే పక్క పట్నం నగర పరిషత్ హద్దు పెంచుతారని కబురొచ్చింది. పట్నంలో కలిస్తే నల్లా వస్తుంది, వీధి దీపం వస్తుంది, ఇంటికి ఘర్‌పట్టీ రసీదు వస్తుంది. పన్ను కట్టడానికి జనం అంత సంబరపడటం నేను మళ్ళీ చూడలేదు. ఘర్‌పట్టీ కట్టినవాడి ఇల్లు కూల్చాలంటే సర్కారుకైనా కొంచెం చెయ్యి వణుకుతుంది కదా.

తీరా నక్షా వచ్చేసరికి పట్నం హద్దును నాలా వెంట గీశారు. మేం లోపల, అవతలి వాడ బయట. పోనీ అటు పక్క గ్రామపంచాయతీ తీసుకుంటుందా అంటే, వీళ్ళు మా ఊరివాళ్ళు కారు, కంపెనీ జాగాలో అతిక్రమణ్, అంటే ఆక్రమణ, చేశారని తీర్మానం చేసింది. కంపెనీకి మట్టి పోసుకోవడానికి జాగా కావాలి. ఎవరి హద్దులోనూ లేని ఇళ్ళను ఎత్తేయడానికి ఎవరినీ అడగక్కర్లేదు. లస్మవ్వ ఇల్లు, బావి, ఆ వాడ మొత్తం ఆ గీతకు అవతలే ఉన్నాయి.

మా సదానందానికి మాత్రం ఆ గీత బంగారు గీతలా కనిపించింది. యూనియన్‌లో చిన్న లీడరు, వెంకటికి చిన్నాన్న కొడుకు. పట్నంలో కలిస్తే వార్డు వస్తుంది, వార్డు వస్తే తాను నగరసేవకుడు, అంటే కౌన్సిలర్, అవుతాడు. అవతలి వాడ కూడా కలిస్తే ఓట్లు చీలుతాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నల్లా రాకముందే నల్లా దగ్గర తన పేరు బోర్డు ఎక్కడ పెట్టాలో చూసుకున్నాడు. మా ఆయన బాలకిషన్ ఏమన్నాడని అడక్కండి. గిరాకీ రెండు ఒడ్ల నుంచీ వస్తుంది, అందుకని ఆయన గోడ మీద పిల్లి.

హద్దు మీద అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చని, నాయబ్ తహసీల్దార్ స్వయంగా వచ్చి చూస్తాడని కబురొచ్చింది. సదానందం అదే రోజుకు, పోచమ్మ గద్దె ముందు, బొడ్రాయి పండుగ పెట్టించాడు.

బొడ్రాయి అంటే ఊరికి బొడ్డు. మా తెలంగాణ పల్లెల్లో ఊరి నడిమధ్య నిలిపే రాయి. అది నిలిపే రోజు పొద్దున్నే డప్పులతో ఊరి చుట్టూ పొలి అన్నం చల్లుతూ తిరిగి, దారులన్నింటికీ వేపాకు, నిమ్మకాయల తాడు కడతారు. దాన్నే కట్టు అంటారు. కట్టు పడ్డాక రాయి నిలిచేదాకా లోపలివాడు బయటికి పోకూడదు, బయటివాడు లోపలికి రాకూడదు. రాజైనా సరే, అల్లుడైనా సరే. తెంపినవాళ్ళ ఇంట్లో దీపం ఆరుతుందంటారు. చిన్నప్పటినుంచి వింటూ పెరిగిన మాట అది.

సదానందం ఎత్తు ఏమిటంటే, కట్టు రప్టా దగ్గర పడాలి. సాహెబు పొద్దున్నే వచ్చి, దండ వేయించుకుని, ఆ తాడు కళ్ళారా చూడాలి. చూడండి సాహెబ్, మా దేవుడి పొలిమేర కూడా నాలాయే అని చెప్పాలి. ఇంకేం అడుగుతాడు?

లస్మవ్వకు ఈ ఎత్తు తెలియదు. పండుగకు ముందు సదానందం మా దుకాణం ముందే ఆమెను ఆపాడు.

"వదినె, మొదటి కడవ నీదే. నువ్వు లేకుంట బొడ్రాయి ఎట్ల నిలవడ్తది?"

"పొలి ఎందాక చల్లుతరు?" అంది లస్మవ్వ.

"అంతట చల్లుతం. నువ్వేం ఫికర్ జెయ్యకు."

అతను వెళ్ళాక నేను అన్నాను, "లస్మవ్వా, ఏరు దాటేదాక ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న. జాగ్రత్త."

"వాడు మా ఆయన ఎత్తుకోని పెంచిన పోరడు శేటమ్మా," అంది.

పండుగ నాడు చంద్రపూర్ ఎండ సంగతి చెప్పాలా? పొద్దు పొడవకముందే నేల వేడిగా ఉంది. తుకుం నుంచి, కోఠారి నుంచి ఆడబిడ్డలంతా ముందు రోజే వచ్చేశారు. లస్మవ్వ పసుపు పూసిన కడవతో రప్టా దాటి వచ్చి, గద్దె మీద దించి, పక్కనే కూర్చుంది. ఆదిలాబాద్ వైపు నుంచి పిలిపించిన బైండ్ల పూజారి అప్పలనర్సయ్య పొలి బుట్టతో ముందు నడిచాడు. డప్పులు వస్తీ చుట్టూ తిరిగి మా దుకాణం ముందుకు వచ్చాయి.

అవతలి ఒడ్డున జనం అప్పటికే నిలబడి ఉన్నారు. తలంటి పోసిన పిల్లలు, ఇంటికో చెంబు నీళ్ళు, కొబ్బరికాయలు. డప్పు రప్టా దాటి వస్తుందని ఎదురుచూస్తున్నారు. డప్పు దాటలేదు. సదానందం చెయ్యి ఎత్తాడు. అప్పలనర్సయ్య ఒకసారి అతని మొహం, ఒకసారి అవతలి ఒడ్డు చూశాడు. తర్వాత రప్టా మొదట్లో రెండు గుంజలకు అడ్డంగా తాడు కట్టి కొబ్బరికాయ కొట్టాడు.

"సదానందం! మేమెటు పోవాలె?" అని అవతల నుంచి భూదేవి అరిచింది. చంటిపిల్ల తల్లి. ఆమె పుట్టిల్లు ఇవతలే.

"మీది మళ్ళ జేద్దం. నక్షా ప్రకారం కట్టు గీడికే," అన్నాడు సదానందం. అటు చూడకుండానే అన్నాడు.

డప్పులు ఆగేసరికి గద్దె దగ్గరున్న లస్మవ్వకు అనుమానం వచ్చి లేచి వచ్చింది. తాడు చూసింది. తాడుకు అవతల తన ఇల్లు, ఇంటి ముందు మంచం, మంచం మీద వెంకటి. నాకైతే ఒళ్ళు మండిపోయింది. సొంత వదినెను పిలిచి లోపల పెట్టి తాళం వేస్తాడా వీడు! మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

కానీ సదానందం ఒకటి మర్చిపోయాడు. సర్కారు జీపు ఏనాడు చెప్పిన వేళకు వచ్చింది? సాహెబు పొద్దున్నే వస్తాడనుకున్నాడు, పొద్దు నెత్తికి వచ్చేవేళకు వచ్చాడు. అప్పటికి కట్టు పడి చాలాసేపైంది. రోడ్డు మొదట్లో మా కుర్రాళ్ళే జీపును ఆపేశారు. సదానందం దండ పట్టుకుని పరుగెత్తాడు. తాడుకు ఇవతల అతను, అవతల సాహెబు. చేతిలో దండ అట్లాగే ఉంది.

"ఒక్క నిమిషం ఇప్పు, సాహెబును తీస్కోని మళ్ళ కడదం," అని అప్పలనర్సయ్యను బతిమాలాడు.

"ఇది నీ ఇంటి తలుపా, ఇప్పి ఏసుకోనీకె?" అన్నాడు అప్పలనర్సయ్య.

"ఇప్పొద్దు, ఇప్పొద్దు," అని వెనక జనం అరిచారు. సదానందం పోగుచేసిన జనమే. సాహెబుకు మా గొడవ అర్థం కాలేదు, ఎండ మాత్రం బాగా అర్థమైంది. విసుక్కుంటూ జీపెక్కాడు. బొగ్గు లారీల దారిన చుట్టూ తిరిగి, కట్టు లేని వైపుకు వెళ్ళాడు. అది అవతలి వాడ.

నాలా వెడల్పు ఎంతని? మా మెట్ల మీద నిలబడితే అవతలి మాటలు వినిపిస్తాయి. సాహెబు వెంకటి మంచం పక్కనే కుర్చీ వేయించుకున్నాడు. చుట్టూ చెంబులు పట్టుకున్న ఆడవాళ్ళు. రెండు ఒడ్లూ ఒకటే వస్తీ అని అందరూ ఒక్కసారే మరాఠీలో, హిందీలో, తెలుగులో మొరపెట్టుకున్నారు. సాహెబు అంతా విన్నాడు. విని, వేలు పెట్టి మా తాడును చూపించాడు.

"ఒకటే వస్తీ అంటారు. అక్కడ పండుగ జరుగుతుంటే మీరిక్కడ ఎందుకున్నారు? ఆ తాడు కట్టింది మేం కాదు కదా. నేనేమని రాసుకోవాలి?" అని మరాఠీలో అడిగాడు.

భూదేవి చెంబు కింద పెట్టి చెంగుతో మొహం కప్పుకుంది. ఆయన అన్నది నిజమే, అదే బాధ. సర్కారు గీసిన గీతనైతే తిట్టొచ్చు. ఇది మనవాళ్ళు కట్టిన తాడు.

సాహెబు లేచి నిలబడి మా వైపు చూసి గట్టిగా అడిగాడు, "ఆ ఒడ్డు నుంచి ఒక్కరైనా వచ్చి, వీళ్ళు మావాళ్ళని చెప్తారా? అయితే రండి. లేకపోతే నేను పోతాను."

ఇవతల మూడొందల మందికి తక్కువ ఉండరు. అందులో అవతల అన్నలున్నవాళ్ళున్నారు, కూతుర్ని ఇచ్చినవాళ్ళున్నారు. ఒక్క అడుగు కదల్లేదు. ఎవరి ఇంట్లో దీపం వాళ్ళకు తీపి.

అప్పుడు లస్మవ్వ వెనక్కి తిరిగి నడిచింది. ఆమె కూడా వెనక్కి తగ్గిందనుకున్నాను. గద్దె దగ్గరికి వెళ్ళి కడవ నెత్తికెత్తుకుని వచ్చింది. జనం దారిచ్చారు. తాడు ముందు నిలబడింది. సదానందం అడ్డం వచ్చాడు.

"వదినె, అన్న ఊపిరి ఎట్లున్నదో నీకు ఎర్కనే. ఆ ఊపిరి పెట్టుకోని కట్టు తెంపుతవా?"

లస్మవ్వ ఆగిపోయింది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ మనిషి కోసం బతికింది. దాటితే వాడకు ఇళ్ళు మిగులుతాయేమో, తన ఇంట్లో మనిషి మిగలడేమో. అవతల సాహెబు కాగితాలు సర్దుకుంటున్నాడు, డ్రైవరు జీపు తిప్పుతున్నాడు.

వెంకటి మంచం దిగాడు. గుడిసె గుంజ పట్టుకుని నిలబడ్డాడు. దగ్గాడు, దగ్గి దగ్గి ఆగాడు. ఇటు చూశాడు.

"లస్మీ!" అని పిలిచాడు. "రా!"

ఆమె కదల్లేదు.

"రా అంటున్న గదనే. నీళ్ళు ఒలకకుంట రా."

నెత్తిన కడవ ఉన్న మనిషి వంగి తాడు కింద నుంచి దూరలేదు. తెంపాల్సిందే. లస్మవ్వ ఎడమ చేత్తో కడవ పట్టుకుని, కుడి చేత్తో తాడు లాగింది. మొదటిసారి తెగలేదు. రెండోసారి తెగింది. నిమ్మకాయలు రప్టా మీద దొర్లి నాలాలో పడ్డాయి. వెనక ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. లస్మవ్వ మాత్రం నీళ్ళు ఒలకకుండా నడిచింది.

సాహెబు ముందు కడవ దించింది. ఆమె హిందీ బుట్టలు మోసేటప్పుడు నేర్చుకున్న హిందీ, మాటకు మాట అతకదు. అయినా అందరికీ అర్థమైంది.

"ఇది ఈ ఒడ్డు చేదబాయి నీళ్ళు సాబ్. ఆ ఒడ్డు దేవునికి పోస్తం. ఈ నీళ్ళు లేంది ఆ రాయి నిలవడది. అక్కడోళ్ళు ఇన్నేండ్ల సంది ఈ నీళ్ళే తాగుతున్నరు. ఇప్పుడు చెప్పుండ్రి, ఇవి రెండూళ్ళా?"

సాహెబు కడవ వంక చూసి పెదవులు తడుపుకున్నాడు. పాపం, ఆయనకూ దాహమే.

"దూప అయితే వేరే తెప్పిస్త. ఇవి పోచమ్మయి," అంది లస్మవ్వ.

ఆయన కొంచెం నవ్వాడు, భూదేవి ఇచ్చిన చెంబు అందుకున్నాడు. తాగి, కూర్చుని రాసుకున్నాడు. ఏం రాశాడో మాకు ఆనాడు తెలియదు.

ఇవతల సదానందం అప్పలనర్సయ్య మీద పడ్డాడు, తాడు మళ్ళీ కట్టమని. అప్పలనర్సయ్య పొలి బుట్ట చంకనెత్తుకున్నాడు.

"తెగినకాడ మళ్ళ కట్టరాదు. దాటిన మనిషి ఎందాక పోయిందో, దానికవతల కట్టాలె. లేకుంటే నేను రాయి ముట్ట. నడువుండ్రి."

శాస్త్రం నిజంగా అట్లా ఉందో, ఆ ముసలాయన అప్పటికప్పుడు కల్పించాడో నాకు తెలియదు, నేను అడగలేదు. డప్పు రప్టా దాటింది. వెనక జనం, జనం వెనక సదానందం, చేతిలో వాడిన దండ. అవతలి వాడ చివరి ఇల్లు దాటాక కట్టు పడింది. సాహెబు జీపు అప్పటికి దానికి అవతలికి పోయింది. అవతలి వాడ చెంబుల నీళ్ళన్నీ పడ్డాక బొడ్రాయి నిలిచింది. మొదటి కడవ లస్మవ్వదే.

వెంకటి శ్రావణంలో పోయాడు. ఆ రాత్రి వానకు నాలా పొంగి రప్టా మునిగింది. దగ్గు వినిపించలేదేమని పొద్దున్నే అనుకున్నాను, వాన చప్పుడుకేమో అని సర్దిచెప్పుకున్నాను. నీళ్ళు తగ్గాక తెలిసింది. చెప్పిన గదా అని సదానందం వస్తీ అంతా తిరిగి చెప్పాడు. మూడొందల మందిని నిలబెట్టి ఎత్తుకుని పెంచిన అన్న ఊపిరిని అడ్డం పెట్టినవాడు చెప్పాడు! ఆ మనిషిని తిన్నది బాయి దుమ్ము, తాడు కాదు అని నేను దుకాణానికి వచ్చినవాళ్ళందరితో పోట్లాడాను. లస్మవ్వ మాత్రం ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

మరుసటి ఏడు హద్దు ఖాయమైంది. సాహెబు రెండు ఒడ్లూ ఒకటే వస్తీ అని రాశాడట, అవతలి వాడ కూడా పట్నంలో కలిసింది. కంపెనీ తన మట్టి ఇంకోచోట పోసుకుంది. సదానందం నగరసేవకుడు కూడా అయ్యాడు. అవతలి వాడ నల్లా దగ్గర అతని పేరుతో బోర్డు ఉంది, వెళ్ళి చూసుకోవచ్చు. లోకం అట్లాగే ఉంటుంది.

బొడ్రాయి పండుగ ఏటా వస్తుంది. మొదటి కడవ తెమ్మని వస్తీ వాళ్ళు లస్మవ్వను అడుగుతారు, ఆమె తెస్తుంది. తెచ్చేటప్పుడు రప్టా మీద ఒకచోట ఆగి, కడవ దించి దోసెడు నీళ్ళు తీసి కింద పోసి, మళ్ళీ నడుస్తుంది. తాడు తెగింది సరిగ్గా అక్కడే.

ఒక ఏడు ఉండబట్టలేక అడిగేశాను. ఉప్పుకు, కర్పూరానికి వచ్చింది. దుకాణంలో ఇంకెవరూ లేరు.

"లస్మవ్వా, కట్టు తెంపితే దీపం ఆరుతదని నువ్వు నమ్మలేదు కదూ? నమ్మితే ఎట్లా దాటుతావు?"

ఆమె నా వైపు వింతగా చూసింది.

"నమ్మిన శేటమ్మా. నమ్మే దాటిన. నమ్మకపోతే ఆ తాడు దాటుడు ఏం పెద్ద పని?"

ఉప్పు పొట్లం సంచిలో వేసుకుని, మెట్టు దిగబోతూ ఆగింది.

"ఆయన గూడ నమ్మే పిల్సిండు," అంది.

తర్వాత రప్టా మీదుగా ఇంటికి వెళ్ళిపోయింది.